ప్రభుత్వం గుర్తించిన ఆరు భావాలు

పక్క జిల్లాలో ఒక గుమస్తా, పింఛను కోసం వచ్చిన ముసలాయన్ని "రేపు రావయ్యా" అని విసుక్కున్నాడు. ఎవరో ఫోనులో తీశారు. సాయంత్రానికల్లా ఆ విసుగుని రాష్ట్రమంతా చూసింది. రాజధానిలో పెద్దలు అత్యవసరంగా సమావేశమయ్యారు. ముసలాయనకి పింఛను ఎందుకు రాలేదన్న చిన్న విషయం జోలికి పోకుండా, గుమస్తా ఎందుకు విసుక్కున్నాడన్న మూలంలోకి వెళ్ళారు. భోజనాలతో, మధ్యమధ్య జీడిపప్పుతో సాగిన ఆ చర్చలో చివరికి తేలిందేమిటంటే, ఉద్యోగులకు తెలివితేటలు సరిపడా ఉన్నాయి, లేనిదల్లా భావోద్వేగ ప్రజ్ఞ. తన మనసులో ఏముందో ఉద్యోగికి తెలియడం లేదు. ఎదుటివాడి మనసులో ఏముందో అసలే తెలియడం లేదు. తెలియాలి. ఈ ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా తెలియాలి.

ఆ ఉత్తర్వు గోదావరి కాలవ పక్కనున్న ఒక మునిసిపాలిటీకి చేరింది. కమిషనర్ ఉదయశంకర్ గారు దాన్ని నిలబడి చదివి, కూర్చుని ఇంకోసారి చదివారు. ప్రతి కార్యాలయంలోనూ ఒక భావోద్వేగ నోడల్ అధికారిని నియమించాలట. ఆ అధికారి "సర్వీసు మొత్తంలో ఎటువంటి భావావేశమునకూ లోనైనట్లు దాఖలాలు లేనివారై ఉండవలెను" అని అర్హత కూడా పెట్టారు. ఆఫీసులో అందరి సర్వీసు పుస్తకాలూ తిరగేస్తే, మెచ్చుకోలు గానీ మందలింపు గానీ లేకుండా తెల్లగా మిగిలిపోయిన పుస్తకం ఒక్కటే కనబడింది. అది నీటి సరఫరా విభాగం సూపరింటెండెంటు పుల్లేటికుర్తి కామేశానిది.

కామేశం చెడ్డవాడు కాడు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు. చెప్పని పని గురించి ఆలోచించడు. మనసులో ఏముందో పైకి చెప్పుకునే అలవాటు అతని వంశంలో ఎవరికీ లేదు. మరి అతనికి భావావేశమే లేదా అంటే, రోజూ ఉంటుంది. కాకపోతే అది పుస్తకాలకెక్కేది కాదు. అదంతా అదే గదిలో, ఎదురు బల్ల దగ్గర కూర్చునే సీనియర్ అసిస్టెంటు వాసంశెట్టి అబ్బులుతో సరిపోతుంది.

ఇద్దరూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరారు. చేరిన వారంలోనే కిటికీ దగ్గర గొడవ పడ్డారు. కామేశానికి జలుబు తత్వం, కిటికీ మూసి ఉండాలి. అబ్బులుకి ఉక్క పడదు, తెరిచి ఉండాలి. అప్పట్నుంచీ ఆ కిటికీ రోజూ తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉంది. మధ్యాహ్నం అబ్బులు తన క్యారేజీ పక్కన పెట్టి కామేశం క్యారేజీ తింటాడు, తింటూ వంకలు పెడతాడు.

"పప్పులో ఉప్పు మర్చిపోయిందిరా మా చెల్లెమ్మ. నిన్ను కట్టుకున్నాక ఆవిడకి మాత్రం ఏం గుర్తుంటాయిలే!"

"నచ్చకపోతే గిన్నె అక్కడ పెట్టు. మింగేది నువ్వు, ఏడిచేది నువ్వూను."

"పెడతానుండు. ఇంకో రెండు ముద్దలేగా."

కామేశం తండ్రి పోయిన రోజున బంధువులంతా వచ్చి ఓదార్పు మాటలు చెప్పి వెళ్ళారు. అబ్బులు వచ్చి, మూల కూర్చున్న కామేశం ముందు కంచం పెట్టి, "ముందు తిను వెధవా. ఏడుపెక్కడికీ పోదు, తిన్నాక ఏడుద్దువుగాని" అన్నాడు. కామేశం తిన్నాడు. తిన్నాక ఏడిచాడు. వాళ్ళిద్దరి మధ్యా ప్రేమంటూ ఉంటే ఆ తిట్లలోనే ఉండేది. దాన్ని బయటికి తీసి చూడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

శిక్షణ ఇవ్వడానికి రాజధాని నుంచి డాక్టర్ చిదానంద్ అనే నిపుణుడు వచ్చాడు. తెల్లని లాల్చీ, చెవి పక్కనుంచి వచ్చే మైకు. ఆయన నవ్వు ఉదయం మొదలై సాయంత్రం దాకా అలాగే నిలబడి ఉంది.

"మిత్రులారా, ప్రభుత్వం గుర్తించిన భావాలు ఆరు. సంతోషం, విచారం, కోపం, భయం, ఆశ్చర్యం, తృప్తి. ఇకపై మీకు ఏది కలిగినా ఈ ఆరింటిలోనే కలగాలి."

పన్నుల విభాగం నుంచి ఒకాయన లేచి, మనవాళ్ళు పూర్వం తొమ్మిది రసాలు చెప్పారు కదండీ అని గుర్తు చేశాడు.

"తొమ్మిదింటికీ ప్రతిపాదన వెళ్ళింది. ఆర్థిక శాఖ ఆరింటికే ఆమోదం ఇచ్చింది" అన్నాడు చిదానంద్, నవ్వు చెదరకుండా.

"చిరాకు దేని కిందికొస్తుందండి?" అని అబ్బులు వెనక నుంచి అడిగాడు.

"చిరాకు అంటే ప్రాథమిక దశలో ఉన్న కోపం. దాన్ని ఆ దశలోనే నివేదించాలి."

"ఎవరికండి?"

"మీ నోడల్ అధికారికి."

అబ్బులు వంగి, పక్కన కూర్చున్న కామేశం చెవిలో, "అయితే రాసుకో. నిన్ను చూస్తే నాకు ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ ప్రాథమిక దశే" అన్నాడు. కామేశానికి నవ్వొచ్చింది. ఆ నవ్వుని సంతోషం కింద చూపించాలా ఆశ్చర్యం కింద చూపించాలా తెలియక దగ్గులోకి మార్చేశాడు.

శిక్షణ ముగిశాక అందరికీ "మీకు ఎలా అనిపిస్తోంది?" అని రాసి ఉన్న బ్యాడ్జీలిచ్చారు. ఎవరు ఏం చెప్పినా జవాబుగా అనాల్సిన వాక్యం ఒకటి నేర్పారు: "మీ భావాన్ని నేను గౌరవిస్తున్నాను." నోడల్ అధికారికి మాత్రం ప్రత్యేకంగా ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. అందులో లావు అక్షరాలతో ఒక హెచ్చరిక ఉంది. "ఎదుటివారి భావమును గుర్తించి, తీవ్రతను నమోదు చేసి, గౌరవించవలెను. భావమునకు గల కారణములోనికి వెళ్ళరాదు. కారణము ఇతర శాఖలకు సంబంధించినది."

మర్నాడు నీటి విభాగానికి మొదట వచ్చింది పాపాయమ్మ. కాలవగట్టు వీధిలో ఇడ్లీలు అమ్ముకునే మనిషి. వచ్చీ రావడంతోనే ఖాళీ బిందెని కామేశం బల్ల మీద పెట్టింది.

"కుళాయి రావట్లేదు బాబూ. వీధి వీధంతా ఎండిపోయింది."

కామేశం పుస్తకంలో చెప్పినట్టు ఒక దీర్ఘశ్వాస తీశాడు. "అమ్మా, మీకు ఎలా అనిపిస్తోంది?"

"ఎలా అనిపించడమేంటి? దాహంగా ఉంది."

"దాహం భావం కాదమ్మా."

"మరేటి?"

"అది శరీర ధర్మం. ఆరోగ్య శాఖ చూసుకుంటుంది. నీళ్ళు రానందువల్ల మీ మనసులో ఏం కలిగిందో చెప్పండి."

"నా మనసులో కలిగింది చెప్తే నువ్వు ఈ కుర్చీలో కూర్చోలేవు నాయనా."

కోపం, తీవ్రత తొమ్మిది అని కామేశం రాసుకున్నాడు. "మీ భావాన్ని నేను గౌరవిస్తున్నానమ్మా" అన్నాడు. ఆ వాక్యం పూర్తవగానే నిబంధన ప్రకారం ఫిర్యాదు పరిష్కారమైపోయింది. పాపాయమ్మ అతని మొహంలోకి చాలాసేపు చూసి, పక్కకి తిరిగి, "అబ్బులు గారూ, ఈయన ఇంట్లో వాళ్ళెవరికైనా కబురెట్టండి. ఒంట్లో బాగున్నట్టు లేదు" అని బిందె తీసుకుని వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండానే ఆ పద్ధతి బాగా కుదురుకుంది. కోపంతో వచ్చినవాళ్ళని నేరుగా లోపలికి పంపకుండా పాత స్టోరు గదికి లేత నీలం రంగు వేయించి, శాంత మందిరం అని పేరు పెట్టి, అందులో కూర్చోబెట్టేవారు. కోపం మూడుకి దిగితేనే దరఖాస్తు తీసుకుంటారు. మూడుకి దిగాక చాలామంది తాము దేనికొచ్చారో మర్చిపోయేవారు. మర్చిపోనివాళ్ళు రావడం మానేసి కాలవలో నీళ్ళు పట్టుకోవడం మొదలుపెట్టారు. పట్టణంలో కోపం సగానికి పడిపోయిందని కమిషనర్ గారు పైకి నివేదిక పంపారు.

ఆ తరవాత సిబ్బంది వంతు వచ్చింది. ఆఫీసులో ఒరేయ్, ఏరా, పోరా లాంటి మాటలు "శాబ్దిక హింస" కిందికి వస్తాయనీ, సహోద్యోగులు ఒకరినొకరు గారు అనే పిలుచుకోవాలనీ ఒక సర్క్యులర్ తయారైంది. దాని మీద సంతకం పెట్టాల్సింది నోడల్ అధికారి. కామేశం పెట్టాడు. అబ్బులు అది చదివి, తన కాపీ మీద కూడా సంతకం పెట్టి తిరిగిచ్చాడు.

మర్నాడు అబ్బులు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, తలుపు మీద చెయ్యి వేసి ఆగాడు.

"కామేశం గారూ, ఈ కిటికీ తెరిస్తే మీకు అభ్యంతరమాండి?"

"లేదండి. మీ భావాన్ని నేను గౌరవిస్తున్నానండి."

"వద్దులెండి. మీకు జలుబు చేస్తుంది."

"పర్లేదండి. తెరవండి."

"అబ్బే, వద్దండి."

కిటికీ సగం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. మధ్యాహ్నం అబ్బులు తన క్యారేజీ తన బల్ల మీదే విప్పుకున్నాడు. కామేశం తన పప్పు తను తిన్నాడు. ఉప్పు సరిగ్గానే ఉంది. ఎందుకో సగం మిగిలిపోయింది.

ఇలా రోజులు గడుస్తుండగా, ఒక మధ్యాహ్నం అబ్బులు లేచి వచ్చి కామేశం బల్ల ముందు నిలబడ్డాడు. చొక్కా నలిగి ఉంది. ఎప్పుడూ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చునే మనిషి ఆ రోజు కూర్చోలేదు.

"ఒక మాట చెప్పాలండి."

"చెప్పండి అబ్బులు గారూ. ముందుగా మీకు ఎలా అనిపిస్తోంది?"

అబ్బులు ఆ బ్యాడ్జీ వైపు చూశాడు. "భయంగా ఉందండి."

"భయం." కామేశం రాసుకున్నాడు. "ఒకటి నుంచి పది దాకా చెప్పుకుంటే ఎంత ఉండొచ్చండి?"

"ఎంతంటే... ఏడనుకోండి."

ఎందుకురా అన్న మాట కామేశం గొంతు దాకా వచ్చింది. ఎదుట పుస్తకం తెరిచి ఉంది. కారణములోనికి వెళ్ళరాదు. "మీ భావాన్ని నేను గౌరవిస్తున్నానండి" అని, భయం ఏడు దాటనివాళ్ళకి ఇవ్వాల్సిన కరపత్రం తీసి ఇచ్చాడు. దాని మీద కలువ పువ్వు బొమ్మ, కింద దీర్ఘశ్వాస తీసే విధానం ఉన్నాయి. అబ్బులు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"థాంక్సండి" అని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి సెలవు పెట్టాడు.

ఆ సాయంత్రం కామేశానికి గుండె కింద ఏదో అడ్డుపడినట్టు అనిపించింది. తన భావాన్ని తానే నమోదు చేసుకోవాలి గనక ఆరు పేర్లూ వరసగా చదువుకున్నాడు. వాటిలో ఏదీ సరిపోలేదు. గ్యాస్ మాత్ర వేసుకున్నాడు. అది కూడా సరిపోలేదు.

ఇంతలో రాజధాని నుంచి శుభవార్త వచ్చింది. రాష్ట్రం మొత్తం మీద అతి తక్కువ కోపం నమోదైన పట్టణంగా వీళ్ళ మునిసిపాలిటీకి "ప్రశాంత పురపాలక" పురస్కారం ప్రకటించారు. బహుమతి ప్రదానానికి పెద్దలొస్తున్నారు. కమిషనర్ గారు కామేశాన్ని పిలిచి భుజం తట్టారు.

"కామేశం గారూ, వేదిక మీద మీరూ అబ్బులు గారూ మాట్లాడాలి. ఒకప్పుడు కొట్టుకునేవాళ్ళు ఇప్పుడు గౌరవించుకుంటున్నారు. మానవ సంబంధాల్లో ఇదొక మైలురాయి."

"ఆయన సెలవులో ఉన్నారండి."

"రప్పించండి. ఆయన భావాన్ని గౌరవిస్తూనే రప్పించండి."

కామేశం ఫోను చేస్తే అబ్బులు ఎత్తలేదు. రాత్రి భోజనం దగ్గర భార్య విశాలాక్షి మజ్జిగ పోస్తూ అడిగింది.

"తాయారొదినకి రేపు పొద్దున్నే ఆపరేషనంట కదా. మీరు చూసొచ్చారా?"

"ఏ తాయారు?"

విశాలాక్షి గరిటె ఆపేసింది. "ఏ తాయారేంటండీ! అబ్బులన్నయ్య భార్య. కడుపులో గడ్డంట. ఆస్పత్రిలో చేర్చి వారమైందంట. నాకు ఇప్పుడే కూరలబండి దగ్గర తెలిసింది. మీకు తెలిసే ఉంటుంది, చెప్పడం మర్చిపోయారనుకున్నాను."

కామేశం కలిపిన ముద్దని తిరిగి కంచంలో పెట్టేశాడు. "నాకు చెప్పలేదే" అన్నాడు.

"ఆయన చెప్పలేదా, మీరు వినలేదా?"

పొద్దున్న కామేశం పురస్కార సభకని ఇస్త్రీ బట్టలు కట్టుకుని, జేబుకి బ్యాడ్జీ పెట్టుకుని బయల్దేరాడు. స్కూటర్ మాత్రం సభ జరిగే హాలు వైపు తిరగలేదు. ఆస్పత్రిలో ఆపరేషన్ గది బయట, బల్ల మీద అబ్బులు ఒక్కడే ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. పక్కన ప్లాస్టిక్ బుట్ట, అందులో తాయారు చెప్పులు.

కామేశం ఎదురుగా నిలబడ్డాడు. నోరు తెరిస్తే, ఇన్నాళ్ళ అలవాటు కొద్దీ అదే వాక్యం వచ్చింది.

"అబ్బులు గారూ, ఈ సమయంలో మీ భావాన్ని నేను..."

"గౌరవించకండి. మీకు దండం పెడతాను."

కామేశం మొహం ఎర్రబడింది. "నాకు చెప్పలేదేంరా?"

అబ్బులు చివాలున లేచాడు. "చెప్పలేదా? నీ బల్ల ముందు నిలబడి భయంగా ఉందని చెప్పానా లేదా? నువ్వేం చేశావు? ఏడు అని రాసుకున్నావు. కలువ పువ్విచ్చి పంపించావు!"

"తాయారు పేరెత్తావా నువ్వు?"

"ఎందుకని అడిగావా నువ్వు?"

"అడక్కూడదని రూలురా!"

"రూలా? మీ నాన్న పోయినప్పుడు నేను ఏ రూలు చూసుకుని వచ్చాన్రా మీ ఇంటికి?"

"అయితే నన్ను తిట్టొచ్చు కదా! గల్లా పట్టుకుని, ఒరేయ్ నా పెళ్ళానికి బాలేదురా అని చెప్పొచ్చు కదా! నెల్లాళ్ళుగా అండీ అండీ అంటూ చంపేశావు కదరా నన్ను!"

"ఆ సర్క్యులర్ మీద సంతకం పెట్టింది నువ్వేరా దరిద్రుడా!"

"పెడితే మాత్రం? నేను పెట్టినవన్నీ పాటించే మనిషివా నువ్వు? ఏ రోజు పాటించావు?"

వార్డుల్లోంచి జనం బయటికొచ్చి చూస్తున్నారు. ఒకడు ఫోను కూడా తీశాడు. నర్సు పరుగెత్తుకొచ్చింది.

"ఏంటండీ ఈ అరుపులు? లోపల ఆపరేషనుకి మత్తిస్తున్నారు, తెలుసా?"

"తెలుసమ్మా!" అని ఇద్దరూ ఒకేసారి ఆవిడ మీదికి తిరిగారు.

ఆవిడ వెళ్ళాక ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు.

"తిన్నావా?" అన్నాడు కామేశం.

"లేదు."

"తినకుండా కూర్చుంటే డాక్టరుకి చెయ్యి తిరుగుతుందా? లే."

క్యాంటీన్‌లో ఇడ్లీ తెప్పించాడు. అబ్బులు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నమలడం ఆపేసి, ప్లేటులోకి చూస్తూ ఏడిచాడు. కామేశం చట్నీ గిన్నె అతని వైపు జరిపాడు. అబ్బులు మొహం తుడుచుకుని, రుచి చూసి, "నీళ్ళచట్నీ" అన్నాడు.

"ఊరికే పెడుతుంటే వంకలు కూడానా!" అన్నాడు కామేశం.

మధ్యాహ్నానికి గడ్డ తీసేశారు. నాలుగు రోజులయ్యాక, అది భయపడాల్సిన రకం కాదని పరీక్షలో తేలింది. ఆపరేషను రోజున స్పృహ రాగానే తాయారు మొదట అడిగింది, "ఇందాక బయట మీరిద్దరేనా అరుచుకున్నది? మత్తిస్తుంటే వినబడింది. ఇంకేం ఫర్వాలేదనుకున్నాను."

ఆ రోజు పొద్దున్న, ఆస్పత్రిలో అరుపులైన కాసేపటికి, పురస్కార సభలో కమిషనర్ గారు మైకు పట్టుకుని, "మా సిబ్బందిలో కోపం సున్నా" అంటున్నారు. హాల్లో ముందు వరసలో ఒకరి ఫోను, తరవాత పక్కాయనది, తరవాత వరసకి వరసా మోగాయి. ప్రతి ఫోనులోంచీ "దరిద్రుడా" అన్న మాటే వినబడుతోంది. బొమ్మలో కామేశం జేబు మీద బ్యాడ్జీ స్పష్టంగా కనిపిస్తోంది. పెద్దలు పురస్కారాన్ని మళ్ళీ కారులో పెట్టించుకుని వెళ్ళిపోయారు.

కామేశాన్ని నోడల్ బాధ్యత నుంచి తప్పించారు. విచారణ పూర్తయ్యే దాకా ఎటువంటి భావమూ నమోదు చేయరాదని ఆంక్ష పెట్టారు. అతనికి అది హాయిగానే ఉంది. పాపాయమ్మ మళ్ళీ బిందెతో వస్తే, "ఎందుకు రావట్లేదమ్మా నీళ్ళు?" అని అడిగాడు. ఎందుకు అన్న మాట వినగానే ఆవిడ ముందు అనుమానంగా చూసి, తరవాత వాల్వు దగ్గర రోడ్డు తవ్వి వదిలేశారని చెప్పింది. అబ్బులు ఫిట్టర్‌ని కేకలేసి పంపాడు. సాయంత్రానికి కాలవగట్టు వీధికి నీళ్ళొచ్చాయి. దీన్ని ఏ నివేదికలోనూ చూపించే వీలు లేకపోయింది. పుస్తకంలో ఆ ఫిర్యాదు అంతకు ముందే పరిష్కారమైనట్టు రాసి ఉంది మరి.

విచారణకి డాక్టర్ చిదానందే వచ్చాడు. ఆ వీడియో చాలాసార్లు చూశాడు. ఆస్పత్రిలో వాకబు చేశాడు. అరుచుకున్నాక ఆ ఇద్దరి మధ్యా సంబంధం మెరుగుపడిందనీ, పని కూడా పెరిగిందనీ కనిపెట్టాడు. నివేదికలో, "అణచివేసిన ఆగ్రహమే అసలు సమస్య అని మేము మొదటి నుంచీ భావిస్తూనే ఉన్నాము" అని రాశాడు. కొద్దిరోజుల్లోనే రాజధాని నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. దాని పేరు ఆత్మీయ ఆగ్రహ పథకం. ఇకపై ప్రతి ఉద్యోగికీ ఒక సహోద్యోగిని కేటాయిస్తారు. రోజూ పదకొండు గంటలకి పావుగంట సేపు ఇద్దరూ ఒకరినొకరు మనస్ఫూర్తిగా తిట్టుకోవాలి. శాంత మందిరానికి ఎర్ర రంగు వేశారు.

ప్రారంభోత్సవానికి ఆదర్శ జంటగా కామేశాన్నీ అబ్బులునీ ఎంపిక చేశారు. ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టారు. కమిషనర్ గారు, చిదానంద్, చుట్టూ సిబ్బంది నిలబడ్డారు. గంట కొట్టారు.

"ఒరేయ్" అన్నాడు కామేశం.

"ఏరా" అన్నాడు అబ్బులు.

ఆ తరవాత ఏమీ తోచలేదు. కామేశం పైకప్పు వైపు చూశాడు. అబ్బులు చొక్కా గుండీ సరిచేసుకున్నాడు.

"నువ్వు... అంత మంచివాడివేం కాదు" అన్నాడు కామేశం కష్టపడి.

"అవును. నువ్వు కూడా."

"ఇంకాస్త హృదయపూర్వకంగా" అని ప్రోత్సహించారు కమిషనర్ గారు. "ఆస్పత్రిలో అన్నారే, ఆ పదం వాడండి. దానికి ఆమోదం వచ్చింది."

"దరిద్రుడా" అన్నాడు అబ్బులు, హాజరు పలికినట్టు. కామేశం పెదవి బిగబట్టాడు. అబ్బులు అది చూశాడు. అంతే, ఇద్దరికీ నవ్వు ఆగలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వుతూ, ఒకరి మోకాలు ఒకరు పట్టుకుని వంగిపోయారు. చిదానంద్ చేతి గడియారం చూసుకుంటూ తల అడ్డంగా ఊపాడు. పావుగంట ముగిసినట్టు గంట కొట్టారు. అందరూ వెళ్ళిపోయారు.

వాళ్ళిద్దరూ గదికి తిరిగొచ్చేసరికే బల్లల మీద చెరో మెమో సిద్ధంగా ఉంది. కేటాయించిన సమయములో కోపగించుకొనుటలో విఫలమైనందున, ప్రభుత్వ కార్యక్రమము పట్ల అనుచితముగా సంతోషము ప్రదర్శించినందున, తగు సంజాయిషీ ఇవ్వవలెనని అందులో ఉంది.

కామేశం చదివాడు. అబ్బులు చదివాడు. చదవడం పూర్తయ్యాక ఇద్దరూ ఒకేసారి, వరండా దాకా వినబడేలా, ఎంతో మనస్ఫూర్తిగా ఒక మాట అన్నారు. ఆ మాట ఇక్కడ రాయడం కుదరదు. ఆఫీసు వాళ్ళకీ రాసుకోవడం కుదరలేదు. అప్పటికి పదకొండుంబావు దాటిపోయింది కాబట్టి లెక్కలోకి రాదన్నారు.